పాత కాంటెస్సాకు ప్రాణం పోస్తే గిట్టుబాటవుతుందా?

సింగరేణిలోనో ఎన్టీపీసీలోనో రిటైర్మెంట్ దగ్గరపడిన ఇంట్లో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి గ్రాట్యుటీ, పీఎఫ్ లెక్క. రెండోది క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఏ సామాను తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్న లెక్క. జ్యోతినగర్‌లో ఈ రెండో లెక్కలో ఒక్కోసారి ఓ పాత బండి కూడా ఉంటుంది. షెడ్డు కింద కవరు కప్పి, టైర్లు నేలకు అతుక్కుపోయిన అంబాసిడరో, యెజ్డీయో. అదృష్టమో దురదృష్టమో గానీ కొందరి దగ్గర కాంటెస్సా.

పాత ఇనుము బేరగాడు గేటు దగ్గరికి రాగానే కొడుకు అడ్డం పడతాడు. ‘‘అమ్మొద్దు బాపూ, రీస్టోర్ చేయిస్త. యూట్యూబ్‌ల చూడు, చేయించి అమ్మితే ఎంతొస్తదో!’’ ఆ కొడుకు ఫైనలియర్ మెకానికల్ చదువుతూ, క్యాంపస్‌లో ఇంకా ఏ ఆఫరూ రాని కుర్రాడైతే మాట మరింత గట్టిగా వస్తుంది. అడిగేది బాపు రిటైర్మెంట్ డబ్బు కాబట్టి ఈ మాటను సరదాగా తీసుకోకుండా, ప్రాజెక్టు రిపోర్టులా లెక్క కట్టి చూడాలి.

జవాబు ముందే చెప్పేస్తున్నా. బండిని షాపుకిచ్చి, బాగు చేయించి, లాభానికి అమ్ముకుందామనుకుంటే చాలాసార్లు నష్టమే. ఇందులో సంపాదన లేదని కాదు. అది బండి ఓనరుకు కాకుండా పని చేసేవాడికి పోతుంది. ఎలాగో చూద్దాం.

కండలు ఎక్కడున్నాయి?

‘మజిల్ కార్’ అమెరికా మాట. 1964లో పాంటియాక్ కంపెనీ మామూలు సైజు కారులో 389 క్యూబిక్ అంగుళాల, అంటే దాదాపు 6.4 లీటర్ల వీ8 ఇంజిన్ పెట్టి జీటీఓ పేరుతో అమ్మింది. 300 హార్స్‌పవర్ దాటిన ఆ బండితో ఈ మాటకు ఊపొచ్చింది. ఫోర్డ్ మస్టాంగ్ వచ్చిందీ అదే ఏడాది.

మన దేశంలో ఆ పేరు కాంటెస్సాకు వచ్చింది. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ ఆపేసిన మోడల్‌ను తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ 1984లో దీన్ని తెచ్చింది. పొడవాటి బానెట్, వెనక చక్రాలకు డ్రైవ్, సోఫాలాంటి సీట్లు. చూస్తే కండలు తిరిగిన మనిషే. బానెట్ ఎత్తితే మాత్రం మొదటి బండ్లలో ఉన్నది అంబాసిడర్‌లోని 1.5 లీటర్ల ఇంజినే. శక్తి 50 హార్స్‌పవర్ చుట్టుపక్కల. ఇవాళ్టి చిన్న హ్యాచ్‌బ్యాక్ కూడా దాన్ని దాటేస్తుంది. తర్వాత 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్, 5 గేర్లు వచ్చాక ‘కాంటెస్సా క్లాసిక్’కు నిజంగా కాస్త జోరొచ్చింది. 2002లో తయారీ ఆగిపోయింది.

రీస్టోరేషన్ ఖర్చును తేల్చే తేడా ఒకటుంది. తొలితరం మస్టాంగ్‌కు అమెరికాలో స్క్రూ నుంచి డోరు దాకా కొత్తగా తయారైన పార్టులు కేటలాగ్ చూసి తెప్పించుకోవచ్చు. పూర్తి బాడీ షెల్ కూడా దొరుకుతుంది. కాంటెస్సాకు ఆ సౌకర్యం లేదు. వెనక అద్దం పగిలితే ఇంకో కాంటెస్సా చావాలి! యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి ఇక్కడ బడ్జెట్ వేసుకుంటే దెబ్బ తినేది ఇందుకే.

కాగితం మీద ఓ కాంటెస్సా

కింది అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. మార్కెట్ రేట్లు అనుకోవద్దు. మీ షాపులో అడిగి మీ అంకెలు పెట్టుకోండి. లెక్క కట్టే పద్ధతిని మాత్రం గమనించండి.

బండి మన ఇంటిదే కాబట్టి దాని ఖరీదు సున్నా అనుకుంటారు చాలామంది. అది తప్పు. ఇవాళ ఉన్నదున్నట్టు ఎవరైనా లక్ష రూపాయలకు అడుగుతుంటే, అమ్మకుండా ఉంచుకున్న ఆ లక్ష కూడా పెట్టుబడే. టింకరింగ్, ఫ్లోరు రేకు మార్చడానికి 1.20 లక్షలు. పెయింటుకు 90 వేలు. ఇంజిన్, గేర్‌బాక్స్ 80 వేలు. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు 70 వేలు. వైరింగ్, బీడింగ్, అద్దాలు, కుషన్ వర్క్ 90 వేలు. క్రోమ్ ప్లేటింగ్‌కు 40 వేలు. పని మొత్తం 4.90 లక్షలైంది. లారీలో ఎక్కించుకుపోవడానికి, కాగితాలకు ఇంకో 30 వేలు. ఇప్పటికి, బండి ఖరీదుతో కలిపి 6.20 లక్షలు.

చాలామంది ఇక్కడితో ఆపేసి, ‘ఏడు లక్షలకు అమ్మితే 80 వేలు మిగులు’ అనేస్తారు. అనుకోని పనులకు కనీసం 30 శాతం పక్కన పెట్టాలి. పాత బండిలో ఆ అనుకోనిది కచ్చితంగా వస్తుంది. పని, రవాణా, కాగితాల ఖర్చు 5.20 లక్షల మీద 30 శాతమంటే 1.56 లక్షలు. మొత్తం 7.76 లక్షలకు చేరింది. పని ఏడాదిన్నర పడుతుందనుకుందాం. డబ్బు విడతలుగా పెడతాం కాబట్టి సగటున సగం మొత్తం మీద, 7 శాతం చొప్పున వడ్డీ వేసినా దాదాపు 41 వేలు. అంటే అసలు తిరిగి రావాలంటేనే 8.17 లక్షలకు అమ్ముడుపోవాలి. కొనేవాడు 6 లక్షలే ఇస్తానంటే, బాపు డబ్బులో రెండు లక్షలకు పైగా ఆవిరైనట్టే.

‘పని నేనే చేసుకుంటా, కూలీ మిగులుతుంది’ అంటారా? మంచిదే, అదీ లెక్క కడదాం. ఆ 4.90 లక్షల పనిలో కూలీ 2.90 లక్షలు, మిగతాది సామాను అనుకుందాం. కూలీ తీసేస్తే పెట్టుబడి 4.86 లక్షలు, వడ్డీ 25 వేల చిల్లర. 6 లక్షలకు అమ్మితే చేతిలో మిగిలేది దాదాపు 88 వేలు. దీనికి మీరు వెచ్చించేది 700 గంటలైతే, గంటకు వచ్చింది సుమారు 125 రూపాయలు. అదీ మీకు గ్యాస్ వెల్డింగ్, పెయింటింగ్ ముందే వస్తేనే. నేర్చుకుంటూ చేస్తే గంటలు రెట్టింపవుతాయి, రేటు సగమవుతుంది.

ఇప్పుడు అదే బండిని ఇంకెవరో ఓనరు కోసం చేసిపెట్టిన షాపును చూడండి. 2.90 లక్షల కూలీలో షెడ్డు అద్దె, కరెంటు, కుర్రాళ్ల జీతాలు పోవచ్చు. కానీ బండి 6 లక్షలకు పోతుందా, 8కి పోతుందా అన్న బెంగ అతనికి లేదు. రిస్కంతా ఓనరుదే, అతనికొచ్చేది పనికి డబ్బు. ఇష్టంతో చేయించుకునే ఓనరుకు ఇదేం నష్టం కాదు, అది అతని సరదా ఖర్చు. పెళ్లికి బ్యాండు పెట్టించుకుంటే లాభమెంత అని ఎవరూ అడగరు కదా. గొడవంతా సరదాను పెట్టుబడి అని పేరు పెట్టి బాపును ఒప్పించినప్పుడే.

పెయింటు కింద ఏముందో...

ఆ 30 శాతం ఎక్కడికి పోతుందంటే, ఎక్కువగా తుప్పులోకి. అంబాసిడరైనా కాంటెస్సా అయినా జీపులాగా కింద విడిగా ఛాసిస్, పైన బాడీ ఉండే బండ్లు కావు. బాడీయే ఛాసిస్. డోర్ల కింది పట్టీలు, ఫ్లోరు, చక్రాల పైన వంపులు, డిక్కీలో స్టెప్నీ కింది గుంట తుప్పు తింటే అది అందానికి సంబంధించిన సమస్య కాదు, బండి బలానికి సంబంధించింది. బానెట్ మెరుస్తోందని మురిసిపోకుండా వంగి చూడాలి.

ఓ చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ అంతా ఆనించుకుంటూ పొండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. ఫ్లోరు మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే రేకు, దబ్‌మంటే అనుమానం. వర్షం పడ్డ మర్నాడు చూస్తే ఇంకా మంచిది, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో బండే చెబుతుంది.

మన ప్రాంతం పాత బండికి అంత మంచిది కాదు. రామగుండం ఎండలకు అద్దాల బీడింగ్ రబ్బరు చెక్కలా ఎండి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. బొగ్గు దుమ్ము, బూడిద మూలల్లో గడ్డకట్టి ఆ తడిని పట్టి ఉంచుతాయి. కవరు కప్పాం కదా అంటారు. గాలాడని ప్లాస్టిక్ కవరు కింద తడి ఎటూ పోలేదు, కప్పకపోవడమే నయం.

ఇంజిన్ సంగతికొస్తే మనమే అదృష్టవంతులం. లారీలు, టిప్పర్లు రాత్రీపగలూ తిరిగే బెల్టు ఇది. లేత్ వర్క్, బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ తెలిసిన చేతులకు గోదావరిఖనిలో కరువుండదు. సిలిండర్ అరిగితే బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు, ఇదేం బ్రహ్మవిద్య కాదు. కొత్తవాళ్లు ఇంజిన్‌ను చూసి భయపడి, బాడీని తేలిగ్గా తీసుకుంటారు. ఖర్చు చూస్తే తిరగేసి ఉంటుంది.

ఇంజిన్‌లో రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు పూర్తిగా ఆగిపోయింది. పాత 1.5 లీటర్ల ఇంజిన్ సీసం పెట్రోలు రోజుల్లో తయారైంది. వాల్వ్‌కూ సీటుకూ మధ్య అరుగుదలను ఆ సీసమే తగ్గించేది. కాబట్టి హెడ్డు విప్పినప్పుడే గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోవడం మేలు. రెండోది, ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ గాస్కెట్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. పైగా ఇథనాల్ తేమను లాక్కుంటుంది. నెలల తరబడి నిలబెట్టే బండి ట్యాంకుకు అదే శత్రువు. పైపులన్నీ మార్చాల్సిందే.

దొరకని పార్టుల కోసం చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి లాంటి పాత సామాను మార్కెట్లు ఉన్నాయి. రామగుండం స్టేషన్ కాజీపేట–బల్లార్షా మెయిన్ లైన్ మీద ఉంది కాబట్టి రెండువైపులకూ రైలు దొరుకుతుంది. టికెట్టు, లాడ్జీ ఖర్చు కూడా షీట్‌లో రాయండి. ఎవరూ రాయరు!

ఆర్సీ లేకుంటే అందమైన ఇనుమే

నా లెక్కలో స్పానర్ పట్టడానికి ముందు చేయాల్సిన పని ఇది. బండి మీద ఇంకా పాత కరీంనగర్ ‘ఏపీ 15’ నంబరే ఉండొచ్చు. దాని ఆర్సీ ఎప్పుడు ముగిసింది? ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితంతో కలుస్తున్నాయా? సొంత వాహనానికి 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఫారం 25, బండి తనిఖీ, గ్రీన్ ట్యాక్స్, ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలకు పెంచింది. మోటార్ సైకిల్‌కైతే 2 వేలు. ఏ కాంటెస్సా అయినా ఇప్పుడు 20 దాటిందే. ఓనరు చనిపోయి ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి.

‘వింటేజ్ నంబర్ తెచ్చుకుంటాం’ అని కొందరంటారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ ‘వీఏ’ సిరీస్ నంబరు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకే. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారి ఉండకూడదు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు పోవడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మెయింటెనెన్స్ లాంటి వాటికే రోడ్డెక్కాలి. తొలి కాంటెస్సాకు ఆ అర్హత 2034లో వస్తుంది.

ఇక ‘లోపల జపాన్ ఇంజిన్ వేసేద్దాం’ అనే ఉత్సాహవంతులకు ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్పుకు రవాణా శాఖ అనుమతి కావాలి. అనుమతి లేకుండా మారిస్తే ఆర్సీ పోతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ మొండిచేయి చూపిస్తుంది. ఇన్సూరెన్స్‌లో ఇంకో చిక్కుంది. ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, ఓనరు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. మీరు 8 లక్షలు పెట్టానన్నా కంపెనీ ఒప్పుకోవాలిగా! ప్రతి బిల్లూ, పని జరుగుతున్నప్పటి ఫొటోలూ దాచుకోమనేది అందుకే.

విలువ ఎక్కడినుంచి వస్తుంది?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డర్ ఇచ్చారు. 1911లో ఆయన చనిపోయారు, కారు ఆ తర్వాత వచ్చింది. అలాంటిదానికి ఎంత ఖర్చు పెట్టినా ప్రశ్న ఉండదు, ఎందుకంటే రెండోది లేదు. మన షెడ్డులోని బండికి ఆ కథ ఉండదు. దాని ధరను మూడు విషయాలు తేలుస్తాయి. కంపెనీ నుంచి వచ్చిన పార్టులు ఎన్ని మిగిలాయి, కాగితాలు శుభ్రంగా ఉన్నాయా, చిన్నప్పుడు ఆ బండి మీద మనసు పడినవాళ్లు ఇప్పుడు డబ్బున్నవాళ్లయ్యారా. యమహా ఆర్‌ఎక్స్100 ధర అలాగే లేచింది. 1996లో ఆగిపోయిన బండి, బాగుంటే ఇవాళ లక్ష దాటి అడుగుతున్నారు.

నేర్చుకోవడానికైతే నా ఓటు టూవీలర్‌కే. యెజ్డీయో, పాత బుల్లెట్టో, ఆర్‌ఎక్సో. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడినా ఆ బండ్లకు పార్టులు ఇంకా తయారవుతున్నాయి. విప్పిన సామానంతా ఓ గదిలో పడుతుంది. మునిగినా బాపు పీఎఫ్ మునగదు.

బాగుచేయాలా, మార్చాలా అన్న ప్రశ్న మన ప్రాంతానికి కొత్తదేం కాదు. సింగరేణిలో డంపరును ఓవర్‌హాల్ చేయాలా, సర్వే ఆఫ్ చేసి వేలంలో పెట్టాలా అనేది ఎప్పుడూ ఉండే నిర్ణయమే. 1971 నాటి 62.5 మెగావాట్ల రామగుండం బీ థర్మల్ స్టేషన్‌ను దశాబ్దాల పాటు మరమ్మతులతో నడిపి 2024లో ఆపేశారు. 1999లో మూతపడిన ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీని ‘పునరుద్ధరించారు’ అంటాం గానీ, నిజానికి బొగ్గుతో నడిచిన ఆ పాత ప్లాంటును మళ్లీ తిప్పలేదు. అదే చోట గ్యాస్‌తో నడిచే కొత్త ప్లాంటు కట్టారు, 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా యూరియా మొదలైంది. మెయింటెనెన్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూకు పోయే మెకానికల్ విద్యార్థికి ఈ మూడు ఉదాహరణలు నోటికి వచ్చి ఉండాలి.

చేతిపనికి గిరాకీ

డబ్బు పనివాడికి పోతుందన్నాను కదా. ఆ పనులకు ఐటీఐలో ట్రేడ్లు ఉన్నాయి. మెకానిక్ మోటార్ వెహికల్, షీట్ మెటల్ వర్కర్, వెల్డర్, టర్నర్, మెషినిస్ట్. వీటిలో రేకు పని చేతకావడం అన్నిటికంటే అరుదు. సుత్తి, డాలీతో రేకును మళ్లీ వంపు తిప్పగలిగే పాత టింకరింగ్ మేస్త్రీలకు వయసైపోతోంది, కుర్రాళ్లేమో పుట్టీ పూసి పంపేస్తున్నారు. కార్బ్యురేటర్ ట్యూనింగ్ తెలిసినవాళ్లదీ ఇదే కథ.

బీటెక్ వాళ్లకు చోటు ఇంకో దగ్గరుంది. మార్కెట్లో లేని బీడింగ్‌నో, డ్యాష్‌బోర్డ్ నాబ్‌నో త్రీడీ స్కాన్ చేసి, క్యాడ్‌లో గీసి, ప్రింట్ తీసి, దాని నుంచి అచ్చు చేయించడం. ఒకసారి గీసిన ఫైలు పదిమందికి అమ్ముకోవచ్చు. కారు మొత్తం బాగుచేయడం కంటే, పది కార్లకు కావాల్సిన ఒక్క పార్టు చేయడం నాకు మెరుగైన వ్యాపారంగా కనిపిస్తుంది.

ఇంటర్వ్యూలో ‘బైక్ రీస్టోర్ చేశా సార్’ అంటే అందరూ చెప్పేదే కదా అనుకుంటారు. షీట్ తీసి పెట్టండి. మొదట వేసిన ఎస్టిమేట్, చివరికి అయిన ఖర్చు, తేడా ఎందుకొచ్చిందో పక్కన ఒక్క లైను. బోరింగ్‌కు ముందు, తర్వాత కంప్రెషన్ రీడింగ్. ఏ పార్టు రెండుసార్లు కొన్నారు, ఎందుకు. నేను ప్రశ్నలడిగే సీట్లో ఉంటే, మెరిసే ఫొటోకంటే ఆ తేడా లైన్ల మీదే అరగంట అడుగుతా.

క్వార్టర్ ఖాళీ చేయడానికి మూడు నెలలే ఉంటే...

బండిని ఇప్పుడే బాగుచేయాలన్న తొందరలో పడొద్దు. ముందుగా ఆర్టీఏలో ఆర్సీ స్థితి కనుక్కోండి. తర్వాత ఒక టింకరింగ్ మేస్త్రీని, ఒక ఇంజిన్ మెకానిక్‌ను విడివిడిగా పిలిపించి చూపించండి. ఒకే మనిషి చెప్పిన ఎస్టిమేట్‌తో నిర్ణయం తీసుకోకండి. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రం ఇచ్చే విలువ, పాత బండ్ల మీద మోజున్నవాళ్లు ఉన్నదున్నట్టు కొంటే ఇచ్చే ధర, రెండూ అడగండి. స్క్రాపేజీ పాలసీ ప్రకారం స్క్రాప్ విలువ కొత్త బండి ఎక్స్‌షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం దాకా ఉంటుందని కేంద్రం చెప్పింది. కాగితాలు సరిగ్గా ఉన్న కాంటెస్సాను ఇష్టపడి కొనేవాళ్లుంటే, ఆ అంకెకు ఒప్పుకోవాల్సిన పని లేదు.

ఉంచుకుందామని ఇంటిల్లిపాదీ అనుకుంటే, ఊళ్లో ఇంటికి తరలించే ముందు ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయండి, బ్యాటరీ విప్పండి. స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి, చేత్తో ఒకట్రెండు చుట్లు తిప్పండి. చక్రాలు నేలకు ఆనకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, గుడ్డ కవరు కప్పండి. విప్పిన ప్రతి బోల్టునూ విడి సంచిలో వేసి, ఎక్కడిదో చీటీ రాసి కట్టండి. రెండేళ్ల తర్వాత ఉద్యోగమొచ్చి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు, ఆ చీటీలు లేకపోతే అది ఎక్కడి బోల్టో బాపు కూడా చెప్పలేడు.